పేరు దాచి పాట వినిపిస్తే: జాజ్, బ్లూస్ మిత్రులతో ఊహల ఆట ఆడే పద్ధతి

విశాఖ కళాభారతిలో కచేరీకి వెళ్లినప్పుడల్లా ఇది చూస్తుంటాను. ఆలాపన మొదలై నిమిషం కాకుండానే పక్క కుర్చీలో పెద్దాయన "ఖరహరప్రియ కదూ?" అని మెల్లగా అంటారు. వెనక వరసలోంచి ఇంకొకరు "కాస్త ఆగండి, అప్పుడే చెప్పకండి" అంటారు. ఆ ఆగడంలో ఉన్న మజా తెలిసినవాళ్లకి ఈ ఆట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జాజ్, బ్లూస్ అనే అమెరికా సంగీత రీతులు వినేవాళ్లు కూడా సరిగ్గా ఇదే చేస్తారు. ఒకరు పాట ఎంచుకుని, పేరు చెప్పకుండా వినిపిస్తారు. ఏ వాద్యాలు, ఏ కాలం నాటిది, వాయించేది ఎవరు అని మిగతావాళ్లు చెవులతోనే ఆరా తీస్తారు.

దీన్ని పత్రికకెక్కించింది లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు. 1946లో అమెరికాలోని మెట్రోనోమ్ పత్రికలో 'బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్' (కళ్లకి గంతలు కట్టి పెట్టే పరీక్ష) పేరుతో మొదలుపెట్టి, తర్వాత డౌన్‌బీట్ పత్రికలో కొనసాగించాడు. మొట్టమొదట విన్నది పియానిస్ట్ మేరీ లూ విలియమ్స్. 1951లో ట్రంపెట్ వాద్యకారుడు రాయ్ ఎల్‌డ్రిడ్జ్, వాయిస్తున్నది నల్లవాడో తెల్లవాడో విని చెప్పేస్తానని పందెం కాశాడు. తీరా విన్నాక చాలాచోట్ల పొరబడ్డాడు, చెప్పలేనని ఒప్పుకున్నాడు. అంత పెద్ద విద్వాంసుడే ఒప్పుకున్నాక మనకి మొహమాటం దేనికి? పేరు, ఫొటో, పేరుప్రతిష్ఠలు గదిలోంచి బయటికి వెళ్లిపోతే పాట ఒక్కటే మిగులుతుంది. ఈ ఆట ఆడేది అందుకే. మేం విశాఖలో కొందరం నెలకోసారి ఒకరింట్లో కూర్చుని ఆడుతున్నాం. మాకు పనికొచ్చిన పద్ధతి వివరంగా రాస్తున్నాను.

ముందు మనుషులు

నలుగురికి తగ్గకుండా, ఏడుగురికి మించకుండా ఉంటే బాగుంటుంది. అంతకంటే ఎక్కువైతే మాట్లాడే వంతు రావడానికి పాట మర్చిపోతారు. అందరూ జాజ్ పండితులే అయితే మాత్రం ఆట తొందరగా చప్పబడిపోతుంది. గిటార్ వాయించే కుర్రాడు ఒకడు, కర్ణాటక సంగీతం వినే మేస్టారు ఒకరు, పేర్లేవీ తెలియకపోయినా చెవి మంచిదైన మనిషి ఒకరు ఉండేలా చూసుకోండి.

మాతో నేవీలో సోనార్ దగ్గర పనిచేసి రిటైరైన బాబాయి ఒకాయన కూర్చుంటారు. నీళ్ల కింద ప్రొపెల్లర్ చప్పుడు విని అది ఎలాంటి ఓడో తేల్చడం ఆయన చేసిన పని. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్లి వచ్చినవాళ్లకి ఆ ఉద్యోగం ఎంత ఇరుకులో, ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందో తెలుస్తుంది. మొదటిరోజు ఆయనకి జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఎవరో తెలీదు. కానీ "ఈ డ్రమ్ముల మనిషి కర్రలతో కొట్టట్లేదు, ఏదో రుద్దుతున్నాడు" అన్నారు. అవి వైరు బ్రష్‌లు. పదేళ్లుగా జాజ్ వింటున్న ఇద్దరం ఆ సంగతి గమనించనేలేదు.

గది, స్పీకర్లు

సముద్రం ఒడ్డున ఆడుకుందామని అందరికీ మొదట అనిపిస్తుంది. మాకూ అనిపించింది. రామకృష్ణా బీచ్‌లో అలల హోరుకి బేస్ వాద్యం పూర్తిగా మునిగిపోయింది. లాసన్స్ బే వైపు ఇళ్లలోనూ రాత్రి అయ్యేసరికి ఆ హోరు కిటికీలోంచి వస్తూనే ఉంటుంది. తలుపులు వేసుకుని, ఫ్యాన్ చప్పుడు లేకుండా ఏసీ పెట్టుకోగలిగే గది మేలు. ఏసీ లేకపోతే పాట నడుస్తున్నంతసేపూ ఫ్యాన్ తగ్గించి, మధ్యలో పెంచుకోండి. మన ఉక్కపోతకి కష్టమే, అయినా ఐదు నిమిషాలు ఓర్చుకోవచ్చు.

రెండు స్పీకర్లు ఎడమా కుడీ విడిగా ఉండాలి. ఒకే డబ్బాలాంటి బ్లూటూత్ స్పీకర్‌తో ఆడొచ్చు కానీ, ఏ వాద్యం ఎటు నుంచి వస్తోందన్న ఆధారం పోతుంది. పాటలన్నిటి సౌండ్ ఒకే స్థాయిలో ఉండేలా ముందురోజే సరిచూసుకోండి. కాస్త గట్టిగా వినబడిన పాట మంచిదని చెవి ఊరికే నమ్మేస్తుంది.

తెరల విషయంలో జాగ్రత్త. ఒకసారి మా ఇంట్లో ఫోన్ బోర్లా పెట్టి పాట వేశాను. ఎదురుగా టీవీ దానంతటదే వెలిగి ఆల్బమ్ బొమ్మ గోడంత చూపించింది, ఆ రౌండ్ అక్కడితో సరి. పాటలు డౌన్‌లోడ్ చేసుకుని ఇంటర్నెట్ ఆపేయడం మంచి అలవాటు. వినేవాళ్ల ఫోన్లు వేరే గదిలో పెట్టించండి. పాట విని పేరు చెప్పేసే యాప్‌లు ఉన్న రోజులివి.

తిండి కూడా విరామంలోనే. బీచ్ దగ్గర కొనుక్కొచ్చిన మురీ మిక్చర్ పొట్లం ఎవరి చేతిలోనైనా ఉంటే ఆ కరకరకి బ్రష్‌ల సవ్వడి వినబడదు. అరకు కాఫీకి అభ్యంతరం లేదు.

ఒక సాయంత్రానికి ఎన్ని పాటలు

ఆరు. ఐదు నిమిషాల పాట రెండుసార్లు వింటే పది నిమిషాలు, మాటలకి పది. అంటే పాటకి ఇరవై నిమిషాలు, మొత్తం రెండు గంటలు. ఏడో పాటకి ఎవరి చెవీ పనిచేయదు.

ఎవరూ పట్టలేని పాట తెచ్చి గెలిచానని సంబరపడితే ఆట చెడిపోతుంది. పాటలు తెచ్చే మనిషి పని ఓడించడం కాదు, చెవికి దారి చూపించడం. అందుకని ప్రతి పాటలోనూ చెవికి దొరికే ఆధారం ఒక్కటైనా ఉండాలి.

మాకు బాగా పనికొచ్చిన ఒక పాట గురించి చెబుతాను. బెస్సీ స్మిత్ 1925 జనవరిలో పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్'. డబ్ల్యు.సి. హ్యాండీ 1914లో అచ్చువేసిన పాట ఇది. ఈ రికార్డింగులో మూడే శబ్దాలు: ఆవిడ గొంతు, ఒక బూర, వెనకాల నిలిచి మోగే ఇంకేదో. మాలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిన్నిగారు ఒకరున్నారు, చిన్నప్పుడు పద్యనాటకాలకి తెల్లవార్లూ కూర్చున్న మనిషి. ఆవిడకి జాజ్ కళాకారుల పేర్లు పది కూడా తెలియవు. పాట మొదలైన కాసేపటికే కాగితం మీద "కాలితో తొక్కే హార్మోనియం" అని రాసేశారు. నిజంగా అదే. వాయించినది ఫ్రెడ్ లాంగ్‌షా. కొంతసేపటికి ఇంకో వాక్యం రాశారు: "ఆవిడ పాదం ముగించగానే బూర వంత పాడుతోంది, బుర్రకథలో తందాన తాన లాగ." ఆ బూర కార్నెట్, ట్రంపెట్ లాంటిదే; దానితో వంత పాడినది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అప్పటికి ఆయన వయసు 23. పేరు రాయలేదు కాబట్టి పిన్నిగారికి పేరు మార్కులు రాలేదు. కానీ ఆ పాటలో వినాల్సింది అందరికంటే ముందు విన్నది ఆవిడే. మర్నాడు నేను ఆ పాట పెట్టుకుని బూర ఒక్కదాన్నే పట్టుకుని విన్నాను. ప్రతి పాదం చివరా ఆగి, ఆవిడ మాటకి జవాబు చెబుతున్నట్టే ఉంది.

మిగతా ఐదింటికి నా సలహా ఇది. శాక్సఫోన్ ఒక్కటే ముందుండే పాట ఒకటి, ఉదాహరణకి కోల్‌మన్ హాకిన్స్ 1939 నాటి 'బాడీ అండ్ సోల్'. అసలు వరుసని కాస్త తాకి వదిలేసి, మిగతాదంతా ఆయన సొంతంగా అల్లుకుంటూ పోతాడు. ఒక్క గిటార్, ఒక్క గొంతు, నేల మీద కాలి దరువు మాత్రమే ఉండే జాన్ లీ హుకర్ 1948 నాటి 'బూగీ చిల్లెన్' ఒకటి. లిటిల్ వాల్టర్ 1952లో రికార్డు చేసిన 'జూక్' ఒకటి. అందులో మౌతార్గాన్‌ని మైకుకి ఆనించి ఆంప్లిఫయర్ గుండా పంపడం వల్ల, తొలిసారి విన్నవాళ్లలో సగంమంది శాక్సఫోన్ అని రాస్తారు. నలుగురికీ తెలిసిన పాట ఒకటి, కానీ మధ్యలోంచి మొదలుపెట్టి వినిపించండి. చివరగా మన చెవులకే పరీక్ష పెట్టేది ఒకటి.

ఆ చివరిదానికి నేను ఎక్కువసార్లు తెచ్చేది 2008లో వచ్చిన 'కిన్స్‌మెన్' ఆల్బమ్. అందులో శాక్సఫోన్‌పై కర్ణాటక సంగీతం వాయించే కద్రి గోపాల్‌నాథ్, అమెరికాలో పెరిగిన జాజ్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్ప కలిసి వాయించారు. ఇద్దరిదీ ఆల్టో శాక్సఫోనే. వాద్యం ఒకటే అయినప్పుడు మనిషిని ఎలా గుర్తుపట్టాలి? స్వరం నుంచి స్వరానికి వెళ్లే దారిలో. ఒకరు గమకంతో ఊగుతూ వెళ్తారు, ఇంకొకరు మెట్టు మెట్టుగా విరిచి వెళ్తారు. అయితే ఒకరి బాణీ ఇంకొకరిలోకి దూరిపోయే చోట్లు ఉన్నాయి. అక్కడ మా మేస్టారు కూడా రెండుసార్లు పేరు కొట్టేసి మార్చారు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్, గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ షక్తి' బృందంలో వాయించిన పాటలు కూడా ఇందుకు పనికొస్తాయి.

వినే వరస

మొదటిసారి పాట నడుస్తున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, రాయనూ కూడదు. కళ్లు మూసుకుని వినడమే. రెండోసారికి కాగితం తీసుకుని ఈ వరసలో రాయాలి: ఏమేం వాద్యాలు వినబడుతున్నాయి, ఏ కాలం నాటిదనిపిస్తోంది, ఏ బాణీ, ఆఖరున ఎవరు. పేరు ఎప్పుడూ ఆఖరునే. ముందే పేరు తడితే చెవి అక్కడితో వినడం మానేసి, ఆ పేరుకి సాక్ష్యాలు వెతుక్కోవడం మొదలుపెడుతుంది.

రాయకుండా నోటితో చెప్పుకుంటూ ఆడితే మన ఊళ్లో ఒక చిక్కు వస్తుంది. పెద్దాయన ఒక మాట అన్నాక మిగతావాళ్లు కాదనరు. "మేస్టారు చెప్పారుగా, అదే అయ్యుంటుంది గురూ" అంటారు. అందుకే ముందు అందరూ రాయాలి, చదివేటప్పుడు వయసులో చిన్నవాళ్లు మొదట చదవాలి. ఈ ఒక్క నియమంతో మా ఆట రూపమే మారిపోయింది.

కాలాన్ని పట్టే ఆధారాలు

ఇక్కడ కాస్త తెలుసుకుని కూర్చుంటే ఆట రుచి రెట్టింపవుతుంది. 1925కి ముందు రికార్డింగుకి మైకులు దాదాపు వాడేవారు కాదు, వాయించేవాళ్లు పెద్ద గరాటు ముందు నిలబడి రికార్డు చేసేవారు. పెద్ద డ్రమ్ దెబ్బకి సూది అదిరిపోతుందని దాన్ని దూరం పెట్టేవారు. కాబట్టి గొంతు ఏదో గొట్టంలోంచి వచ్చినట్టుండి, డ్రమ్ములు దాదాపు లేనే లేకపోతే 1920ల మొదటి సగం వైపు చూడండి. నిమిషానికి 78 సార్లు తిరిగే (78 ఆర్‌పీఎం) పది అంగుళాల రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే నడుస్తుంది. అంతకంటే చాలా ఎక్కువసేపు నడిచే ఎల్‌పీ రికార్డు 1948లో వచ్చింది. శాక్సఫోన్ ఒక్కటే ఆరు నిమిషాలు తీరిగ్గా వాయిస్తోందంటే అది చాలావరకు ఎల్‌పీ కాలానిదే. స్టీరియో రికార్డులు 1957–58లో బజారులోకి వచ్చాయి. ట్రంపెట్ ఒక చెవిలో, డ్రమ్ములు ఇంకో చెవిలో మరీ విడిపోయి వినబడితే ఆ తొలి స్టీరియో రోజులని అనుమానించవచ్చు. బేస్ గిటార్ మోత ఉంటే 1951 తర్వాతే, ఫెండర్ కంపెనీ ఆ వాద్యాన్ని అప్పుడే తెచ్చింది.

పాత రికార్డుల గరగర శబ్దాన్ని మాత్రం ఆధారంగా తీసుకోకండి. ఇప్పటి కాపీల్లో దాన్ని తుడిచేస్తారు.

శృతి పెట్టె దగ్గరుంటే ఒక తమాషా చేయొచ్చు. మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డు మొదటి వైపు పాటలు మూడూ, టేపు మిషన్ వేగంలో తేడా వల్ల, 1990లలో సరిచేసేదాకా అసలు శృతి కంటే ఒక పిసరు పైన వినబడేవి. పాత కాపీ, సరిచేసిన కాపీ పక్కపక్కన పెట్టి వినిపిస్తే, మా మేస్టారు పెట్టె మీద చెయ్యి వేసి రెండోది మొదలవగానే తేడా చెప్పేశారు.

బ్లూస్‌ని తాళం వేసి పట్టడం

మామూలు బ్లూస్ ఒక చుట్టుకి పన్నెండు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం నలభై ఎనిమిది. ఎనిమిది దెబ్బల ఆదితాళం వేయగలిగితే సరిగ్గా ఆరు ఆవర్తాలు (తాళపు చుట్లు). మొదటి రెండు ఆవర్తాల్లో ఒక పాదం పాడతారు, తర్వాతి రెండింటిలో అదే పాదం మళ్లీ, చివరి రెండింటిలో దానికి జవాబు. మొదటి పాదం షడ్జం మీద నిలబడి ఉంటుంది, రెండోది మధ్యమం మీదకి దిగుతుంది, మూడోది పంచమం నుంచి బయల్దేరి ఇంటికి వస్తుంది. నెమ్మదిగా సాగే బ్లూస్‌లో ప్రతి దెబ్బా మూడు ముక్కలుగా, తిశ్రంలా నడుస్తుంది. ఒక్కసారి తొడ మీద వేసి చూడండి, ఆరో ఆవర్తం ముగిసేసరికి పాట మళ్లీ మొదటికొచ్చి మీ చేతిలో వాలుతుంది.

లెక్క తప్పే చోట్లు ఇంకా బాగుంటాయి. 'సెయింట్ లూయిస్ బ్లూస్' మధ్యలో హ్యాండీ పదహారు బార్ల భాగం ఒకటి పెట్టాడు, అక్కడ ఆరు ఆవర్తాలు ఎనిమిదవుతాయి. జాన్ లీ హుకర్ అయితే చాలా పాటల్లో స్థానం మార్చడు, షడ్జం మీదే కూర్చుని కాలితో నడిపిస్తాడు. ఇక ఐదు దెబ్బల నడక వినబడగానే ఖండచాపు వేసేవాళ్లకి 'టేక్ ఫైవ్' దొరికిపోతుంది. అది రాసిన పాల్ డెస్మండ్ ఉన్న డేవ్ బ్రూబెక్ బృందం 1958లో మన దేశం వచ్చింది, మరుసటి ఏడాది ఆ పాట రికార్డయింది.

మనిషిని పట్టడం

ఇది అన్నిటికంటే కష్టం, కొత్తల్లో టెన్షన్ పెట్టుకోవద్దు. విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు రేడియోలో రెండు కమాను లాగులకే గుర్తుపట్టే పెద్దలు మన ఇళ్లలో ఉండేవారు. అదే చెవి ఇక్కడా కావాలి. ఒక్కొక్కరికి ఒక్క గుర్తు పెట్టుకుని మొదలుపెట్టండి. వెస్ మాంట్‌గొమరీ గిటార్‌ని బొటనవేలితో మీటుతాడు, ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో జంటగా పలికిస్తాడు. బి.బి. కింగ్ పాడేటప్పుడు గిటార్ ఆపేస్తాడు, గిటార్ పలికేటప్పుడు గొంతు ఆగుతుంది. మైల్స్ డేవిస్ ట్రంపెట్ వెడల్పాటి చివర శబ్దాన్ని అణిచే లోహపు మూత (మ్యూట్) తగిలిస్తే సన్నగా, దగ్గరగా చెవిలో చెప్పినట్టుంటుంది. బెన్ వెబ్‌స్టర్ శాక్సఫోన్‌లో స్వరం అయిపోయాక కూడా ఊపిరి వినబడుతూనే ఉంటుంది. బిల్లీ హాలిడే మాట దెబ్బ కంటే ఒక అడుగు వెనకగా వస్తుంది. థెలోనియస్ మంక్ పియానోలో పక్కపక్క మెట్లు రెండూ కలిసి గుద్దుకున్నట్టు మోగుతాయి. నెలకి ఇద్దరి గుర్తులు చాలు.

మార్కులు

మేం వేసే లెక్క ఇది: వాద్యాలన్నీ సరిగ్గా చెప్తే 2, అటూ ఇటూ ఐదేళ్లలో కాలం చెప్తే 2, పేరుకి 2. విన్న సంగతిని మాటల్లో చక్కగా పట్టుకున్నందుకు 4. ఈ నాలుగు మార్కులు మిగతావాళ్లే వేయాలి. పేరుకి ఎక్కువ మార్కులుంటే జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లే ప్రతిసారీ గెలుస్తారు, పిన్నిగారిలాంటి వాళ్లు రెండో నెల నుంచి రావడం మానేస్తారు.

జవాబు ఒక్కసారే చెప్పేయకండి. ముందు పాట రికార్డయిన ఊరు చెప్పండి, తర్వాత సంవత్సరం, ఆఖరున పేరు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరికైనా కొత్త ఊహ వస్తే ఒక మార్కు ఇవ్వొచ్చు. పేరు తెలిశాక కాగితం మీద రాసింది కొట్టేయకూడదు. "ఈ పియానో బాగోలేదు" అని రాసినవాళ్లు అది మహా విద్వాంసుడిదని తెలిశాక తడబడతారు. తడబడక్కర్లేదు, ఎందుకు నచ్చలేదో అడగండి. మా ఇంట్లో అన్నిటికంటే మంచి మాటలు నడిచింది అలాంటప్పుడే. ఆ తర్వాత మాట వచ్చిన చోటునే మళ్లీ ఒక నిమిషం వినిపించండి.

ఊరు దాటినవాళ్లతో

ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లినవాళ్లని కూడా కలుపుకోవచ్చు. ఫోన్ కాల్‌లో పాట వినిపించకండి. కాల్ అనేది మాట కోసం తయారైంది, వెనక మోగే సింబల్స్‌ని (డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లేలని) రొద అనుకుని నొక్కేస్తుంది. పాట ఫైలు ముందే పంపి, అందరూ ఒకే సమయానికి నొక్కి వినాలి. ఫైలు పేరు మారిస్తే సరిపోదు, లోపల ట్యాగుల్లో కళాకారుడి పేరు దాక్కుని ఉంటుంది, దాన్ని కూడా తీసేయాలి. మాటలు మాత్రం కాల్‌లో మాట్లాడుకోండి.

ఆరు పాటలూ అయ్యాక ఒక నోటుపుస్తకంలో తేదీ, పాటలు, ఎవరు ఏం రాశారు అన్నీ ఎక్కించండి. వచ్చే నెల పాటలు తెచ్చేది ఎవరో అప్పుడే తేల్చుకోండి. ఈసారి వంతు పిన్నిగారిది. ఏం తెస్తున్నారని అడిగితే "హార్మోనియం ఉన్నది ఇంకోటి దొరికింది" అన్నారు, అంతకుమించి చెప్పలేదు.